కరెంటు కారుకు చెట్టు నీడ

మే నెల మేడారంలో ఆపిన కారు చల్లగా ఉండాలంటే ఏసీ బటన్ ముందా, వేపచెట్టు ముందా?

మేడారం అంటే మాఘ పున్నమి, పొద్దుటి చలి, జంపన్న వాగు స్నానాలు. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. అయితే సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరికి జనం ఆ నాలుగు రోజులే రారు. తిరుగువారం దాటాక కూడా మొక్కులు సాగుతూనే ఉంటాయి. బడులకు సెలవులిస్తే కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరతాయి. జాతర రద్దీలో ముసలివాళ్లను తీసుకురాలేకపోయినవాళ్లు కొందరు, బిడ్డ పుడితే ఎత్తు బంగారం (బెల్లం) ఇస్తామని మొక్కుకున్నవాళ్లు ఇంకొందరు, రామప్ప, లక్నవరం చూసి ఇటు మళ్లినవాళ్లు మరికొందరు. వాళ్లంతా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండ 44, 45 డిగ్రీలు కాసే రోజుల్లో.

అడవి మధ్యలో ఊరు కదా, నీడకేం కొదవ అనుకుంటాం. తాడ్వాయి దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగాక సంగతి తెలుస్తుంది. ఈ అడవిలో టేకు ఎక్కువ. ఎండలు ముదిరేసరికి టేకు ఆకంతా రాల్చేసి బోసిగా నిలబడుతుంది. సరిగ్గా నీడ కావలసిన నెలలోనే అది నీడనివ్వదు. తునికి అప్పుడే చిగురేస్తుంది గానీ ఆ చిగురు బీడీ ఆకు కోసేవాళ్ల చేతికందే ఎత్తులోనే ఉంటుంది, కారు మీద గొడుగు పట్టదు. పూత రాలి చిగురించిన ఇప్పచెట్టు దొరికితే అదృష్టమే. ఊళ్లో వేప, చింత, కానుగ ఉన్నాయి. వాటి కింద పొద్దున్నే వచ్చిన ఆటోలు, ట్రాలీలు సర్దుకుని ఉంటాయి. పదకొండు దాటి వచ్చిన కారుకు మిగిలేది మైదానమే.

ఆ మైదానంలో కారు నిలిచేది గంటో అరగంటో కాదు. తలనీలాలు, దర్శనం, బంగారం సమర్పించడం, తర్వాత కోడిని కోయించి చెట్ల కింద పొయ్యి పెట్టి వండుకుని తినడం. మూడు నాలుగు గంటలు అలవోకగా గడిచిపోతాయి. తిరిగొచ్చి తలుపు తీస్తే మొహం మీదికి ఆవిరి కొడుతుంది. వెనక సీటు మీద మరిచిపోయిన బెల్లం మెత్తబడి సంచికి అంటుకుపోయి ఉంటుంది. సీటు బెల్టు బకిల్ తాకిన పిల్ల కెవ్వుమంటుంది. ఇది పెట్రోలు కారుకూ ఉన్న బాధే. కాకపోతే ఇప్పుడు ఆ మైదానంలో ఆకుపచ్చ నంబరు ప్లేట్లు కనిపిస్తున్నాయి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశాక వాటి సంఖ్య ఇంకా పెరిగింది. వాటి యజమానులకు ఫోన్‌లో ఒక బటన్ ఉంది: మనం గద్దెల దగ్గరుండగానే కారులో ఏసీ వేసే బటన్. ఆ బటన్ ఎప్పుడు నొక్కాలి, దానికంటే ముందు ఏం చేయాలి అన్నదే ఈ కథనం.

ఎంత వేడి, ఎక్కడి వేడి

మన మైదానాల్లో ఎవరైనా థర్మామీటరు పట్టుకుని కూర్చుంటే బాగుండేది. అంత పనీ అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చేశారు. అరిజోనా ఎండ మన ఎండకు వరసైందే. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో టెంపే నగరంలో కార్లను గంటసేపు ఎండలో ఉంచి కొలిచి, 2018లో ఫలితాలు ప్రచురించారు. లోపలి గాలి సగటున 47 డిగ్రీల దగ్గరికి చేరింది. స్టీరింగ్ 53, సీటు 51, డాష్‌బోర్డు ఏకంగా 69. నీడలో ఉంచిన కార్లలో గంట తర్వాత గాలి 38, స్టీరింగ్ 42, సీటు 41, డాష్‌బోర్డు 48. గాలిలో తేడా తొమ్మిది డిగ్రీలే. డాష్‌బోర్డులో తేడా ఇరవై ఒకటి. నీడ గొప్పతనమంతా ఆ రెండో అంకెలో ఉంది.

ఎందుకంటే కారు లోపల గాలి చాలా తక్కువ. మామూలు కారులో మూడు ఘనపు మీటర్లుంటుంది, తూస్తే మూడున్నర కిలోలు. దాన్ని ఇరవై అయిదు డిగ్రీలు దించడానికి యూనిట్ కరెంటులో నలభయ్యో వంతు కూడా అక్కర్లేదు. అసలు వేడి దాగి ఉన్నది వస్తువుల్లో: సీట్ల స్పాంజిలో, నల్ల డాష్‌బోర్డులో, తలుపుల ప్లాస్టిక్‌లో, పైకప్పు రేకులో. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. అద్దాల గుండా దూరే వెలుగును ఆ నల్లటి ప్లాస్టిక్ తాగేసి వేడిగా మార్చి వదులుతుంది. వెలుగును రానిచ్చిన అద్దం ఆ వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. ఒక ఇస్త్రీపెట్టెను స్విచ్ వేసి లోపల పెట్టి తలుపులు మూసుకుని పోయినట్టే. తిరిగొచ్చాక తలుపులన్నీ బార్లా తెరిస్తే వేడిగాలి నిమిషంలో పోతుంది. మళ్లీ మూయగానే సీట్లు, డాష్‌బోర్డు కొత్త గాలిని కాచడం మొదలుపెడతాయి. ఏసీ నిజంగా కష్టపడేది ఈ సామానును చల్లార్చడానికే.

అద్దం వేలెడు సందు దించి వెళ్తే చాలునని చాలామంది నమ్మకం. 2005లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఇది కూడా కొలిచి చూశారు. సందు వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా గంటలో ఎంత వేడెక్కుతుందో అందులో నూటికి ఎనభై పాళ్లు మొదటి అరగంటలోనే వచ్చేస్తోంది. అంటే ‘ఇప్పుడే వస్తాం’ అన్న మాటకు కారు లోపల విలువ లేదు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. 2025 ఏప్రిల్ 14న చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు పసిపిల్లలు ఆపి ఉన్న కారులోకి ఎక్కారు, తలుపుల లాక్ పడిపోయింది, ప్రాణాలు పోయాయి. నెల తిరగ్గానే, మే 18న, విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అలాగే పోయారు. ఎవరూ వాళ్లను కారులో వదిలి వెళ్లలేదు. ఆడుకుంటూ ఎక్కారు. కాబట్టి ఏసీ నడుస్తున్నా సరే పిల్లల్ని లోపల ఉంచొద్దని చెప్పడం ఒక్కటే చాలదు. ఖాళీ కారుకు తాళం వేయడం, ఇంటి ముందు ఆపినా సరే తాళం వేయడం, తాళంచెవి పిల్లల చేతికందకుండా పెట్టడం కూడా ఈ జాబితాలోవే. ఏసీ ఆగిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. బ్యాటరీ ఒక హద్దు దాటి దిగితే కారే ఏసీని ఆపేస్తుంది. మేడారం వచ్చేవాళ్లకు ఇంకో మాట: మొక్కు కోసం తెచ్చిన కోడిని, మేకపోతును డిక్కీలోనో వెనక సీట్లోనో ఉంచి దర్శనానికి వెళ్లకండి. గద్దె దాకా చేరకుండానే చచ్చిపోతాయి.

బటన్ ఖరీదు

పెట్రోలు కారు ఆగి ఉన్నప్పుడు ఏసీ వేయాలంటే ఇంజన్ నడవాలి. ఇంజన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన లేని విషం అది. జాతర పార్కింగుల్లో ఇంజన్ ఆన్ చేసి, అద్దాలు బిగించి నిద్రపోయే డ్రైవర్ల గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, ఇంట్లోవాళ్లంతా దర్శనానికి పోతే రాత్రంతా బండి నడిపిన మనిషికి దొరికే విశ్రాంతి ఆ సీట్లోనే. ఈ విషయంలో కరెంటు కారుకు వంక పెట్టలేం. పొగగొట్టమే లేదు. గాలి బయటి నుంచి వచ్చేలా పెట్టుకుని, ఏసీని 27, 28 మీద ఉంచి, సీటు వాల్చుకుని నిశ్చింతగా కునుకు తీయొచ్చు. నా దృష్టిలో ఆగి ఉన్న కారులో గంటల తరబడి కరెంటు ఖర్చు పెట్టడానికి న్యాయమైన కారణం ఇదొక్కటే: లోపల మనిషి ఉండటం.

ఖాళీ కారును చల్లగా ఉంచే ఏర్పాటును ముందుగా పేరు పెట్టి అమ్మింది టెస్లా. లోపలి వేడి 40 డిగ్రీలు దాటకుండా కారు తనంతట తానే చూసుకునే సదుపాయాన్ని 2016లో తెచ్చింది. పెంపుడు కుక్క కోసం ఏసీ ఆన్‌లో ఉంచి, ‘మా యజమాని ఇప్పుడే వస్తారు’ అన్న అర్థం వచ్చేలా తెర మీద చూపించే పద్ధతి 2019లో వచ్చింది. మన దేశంలో 2020 జనవరిలో వచ్చిన నెక్సాన్ ఈవీ నుంచి ఫోన్‌తో దూరం నుంచి ఏసీ వేయడం మామూలైపోయింది. ఈ సౌకర్యం చాలా మంచిది. ఖరీదు కూడా తెలుసుకుని వాడితే.

ఆ ఖరీదును రూపాయల్లో లెక్కేస్తే నవ్వొస్తుంది. యూనిట్‌కు పది రూపాయలనుకున్నా నాలుగు గంటల ఏసీ ఒక కొబ్బరిబొండం ధరను పెద్దగా మించదు. కిలోమీటర్లలో లెక్కేయాలి. మండుటెండలో మైదానంలో నిలబెట్టిన కారును 26 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికి గంటకు యూనిట్ నుంచి యూనిట్‌న్నర దాకా తాగుతుందనుకుందాం. నాలుగు గంటలకు నాలుగు నుంచి ఆరు యూనిట్లు. మన రోడ్ల మీద మామూలు కరెంటు కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ఖాళీ సీట్లను చల్లబరచడానికి పాతిక నుంచి నలభై కిలోమీటర్ల దారి ఖర్చయింది.

హైదరాబాద్‌లో మాల్ పార్కింగులో నలభై కిలోమీటర్లు లెక్కలోది కాదు. మేడారంలో లెక్కలోదే. హనుమకొండ నుంచి మేడారం వంద కిలోమీటర్లు, రాకపోకలు రెండు వందలు. ముప్పై యూనిట్ల బ్యాటరీతో వచ్చిన తొలితరం కారుకు ఒక చార్జింగులో వచ్చే దూరం దాదాపు అంతే. నలభై పోతే ములుగు దాటాక రోడ్డు పక్కన ఫ్లాస్కులో టీ తాగుతూ ఆలోచించుకోవాల్సి వస్తుంది. యాభై, అరవై యూనిట్ల కొత్త కార్లవాళ్లకు అంత బెంగ లేదు. అయినా హైదరాబాద్ నుంచి దాదాపు రెండొందల యాభై కిలోమీటర్లు వచ్చేవాళ్లు వరంగల్ దాటేముందే బ్యాటరీ నింపుకుని, వెనక్కి మళ్లీ వరంగల్ చేరేంత మిగుల్చుకోవడమే తెలివైన పని. అడవిలో ఎక్కడో చార్జర్ ఉందని యాప్ చెప్పింది గదా అని దాని మీదే భారం వేయడం కాదు.

అదే బటన్‌ను తిరిగొచ్చే పది నిమిషాల ముందు నొక్కితే? ఏసీ పూర్తి బలంతో నడిచినా అర యూనిట్ పోతుంది. మూడు కిలోమీటర్లు. సీట్లు పూర్తిగా చల్లారకపోవచ్చు గానీ ముసలమ్మను, చంటిబిడ్డను కూర్చోబెట్టేంత చల్లబడుతుంది. నాలుగు గంటల ఏసీకీ పది నిమిషాల ఏసీకీ మధ్య ఉన్న ముప్పై కిలోమీటర్లూ నీడకే వదిలేయాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫోన్‌లోని బటన్ పనిచేయాలంటే ఫోన్‌కూ సిగ్నల్ ఉండాలి, కారు లోపలి సిమ్‌కూ ఉండాలి. తాడ్వాయి అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జాతరప్పుడు కంపెనీలు తాత్కాలిక టవర్లు నిలబెట్టినా, లక్షల ఫోన్లు ఒక్కసారి మోగేచోట మాట కలవడమే కష్టం, ఇక కారుకు ఆజ్ఞ ఎక్కడ చేరుతుంది? కాబట్టి మామూలు రోజుల్లో కూడా మేడారంలో యాప్‌ను దేవుడిలా నమ్ముకోకూడదు. కొన్ని కార్లలో ఫలానా సమయానికి ఏసీ వేయమని ముందే చెప్పిపెట్టే వీలుంటుంది, దానికి సిగ్నల్ అక్కర్లేదు. అదీ లేకపోతే కుటుంబంలో కాళ్లు చురుగ్గా ఉన్న కుర్రాడిని పది నిమిషాలు ముందు పంపడం. వెళ్లినవాడు నాలుగు తలుపులూ తెరిచి వేడిగాలిని వదిలేసి, తర్వాత అద్దాలు కొద్దిగా దించి ఏసీ వేసి, రెండు నిమిషాలయ్యాక అద్దాలు ఎత్తి లోపలి గాలే తిరిగేలా పెడితే పని త్వరగా అవుతుంది. మొదటి నుంచే లోపలి గాలిని తిప్పితే అరవై డిగ్రీల డాష్‌బోర్డు కాచిన గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తూ కూర్చుంటుంది కంప్రెసర్.

నీడ ఎటు నడుస్తుంది

మేడారం ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల చిల్లర. అందువల్ల మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ వారం అటూ ఇటూ రోజులన్నీ దాదాపు అంతే. దీని వల్ల రెండు సంగతులు. ఒకటి, గోడ పక్కన నీడ దొరుకుతుందన్న ఆశ పన్నెండింటికి పనిచేయదు, చెట్టు కొమ్మల కిందే నీడ. రెండు, మధ్యాహ్నం తర్వాత ఆ నీడ తూర్పుకు జరుగుతుంది. పదకొండింటికి వచ్చి చెట్టుకు పడమర పక్కన నీడ చూసుకుని ఆపిన కారు ఒంటిగంటకల్లా ఎండలో ఉంటుంది. తూర్పు పక్కన, అప్పటికి కాస్త ఎండ పడుతున్నా సరే, ఆపిన కారు ఒంటిగంట నుంచి నీడలోకి జారుకుంటుంది. ఎడ్లబండ్ల మీద జాతరకు వచ్చిన తరాలకు ఇది చెప్పక్కర్లేదు. బండి ఆపగానే ఎడ్లను విప్పి, నీడ ఎటు నడుస్తుందో చూసి మరీ కట్టేసేవాళ్లు.

నడినెత్తి సూర్యుడి వల్ల తెలియాల్సిన మూడోది కారు పైకప్పు. ఈమధ్య కార్లకు పైన పొడవునా అద్దం పెట్టడం ఫ్యాషనైంది. షోరూములో చూసినప్పుడు ఆకాశం కనిపిస్తుందని మురిసిపోతాం. మే నెల మేడారంలో ఆ ఆకాశమే నెత్తిన కూర్చుంటుంది. లోపలి తెర ఉంటే తప్పక మూయాలి, లేకుంటే కొలతకు సరిపడే అడ్డు కొనుక్కోవాలి. ముందద్దానికి వెండిరంగు సన్‌షేడ్ పెట్టడం మూడు నాలుగు వందల రూపాయల పని. కరెంటు కార్లలో ముందద్దం ఏటవాలుగా, విశాలంగా ఉంటుంది కాబట్టి దానికి అడ్డు పెడితే డాష్‌బోర్డుకు పెద్ద ఊరట. రంగు సంగతికొస్తే, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్లు ఒకే రకం కారును నలుపు, వెండి రంగుల్లో పక్కపక్కన ఎండలో నిలబెట్టి 2011లో ఫలితం చెప్పారు. నల్లకారు పైకప్పు 25 డిగ్రీల దాకా ఎక్కువ కాగింది, లోపలి గాలిలో తేడా అయిదారు డిగ్రీలు. తెల్లకారు కొనే అలవాటున్న మనవాళ్లను వెక్కిరించేవాళ్లు ఈ లెక్క చూడాలి.

అద్దాలకు నల్ల ఫిల్ము అంటించుకుంటే సరిపోదా అంటారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అవిషేక్ గోయెంకా కేసులో కారు అద్దాలకు ఏ రకం ఫిల్మూ అంటించరాదని చెప్పింది. అద్దమే తయారీలో ముందు, వెనక నూటికి డెబ్బై, పక్కన యాభై పాళ్లు వెలుగును రానివ్వాలని నిబంధన. నిబంధన మారిందని, ఆ హద్దులో ఉన్న ఫిల్ముకు అడ్డు లేదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు అంది. కానీ ములుగు దగ్గర బండి ఆపిన పోలీసుకు కేరళ తీర్పు చదివి వినిపించే ఓపిక ఎందరికి ఉంటుంది? సన్‌షేడ్‌తో ఆ గొడవ లేదు. ఆపినప్పుడు పెట్టి, కదిలేటప్పుడు తీసేస్తాం.

మనలాగే నల్ల ఫిల్ము మీద ఆంక్షలున్న లాహోరులో హ్యుందాయ్ కంపెనీ 2024లో ఒక పారదర్శక ఫిల్మును డెబ్బై కార్లకు అంటించి చూపింది. వెలుగును రానిస్తూనే లోపలి వేడిని బయటికి వెళ్లగొట్టే రకం అది. నిస్సాన్ అదే ఏడాది టోక్యో హానెడా విమానాశ్రయంలో ఒక బండికి వేసిన చల్లని పెయింటు వివరాలు చెప్పింది: పైన 12 డిగ్రీల దాకా, లోపల 5 డిగ్రీల దాకా తగ్గిందని. ఇవన్నీ రేపటి మాటలు. ఈ వేసవికి మన చేతిలో ఉన్నవి సన్‌షేడ్, వేపచెట్టు.

ఎండ దెబ్బ బ్యాటరీకి

లోపల కూర్చునే మనుషుల గురించే ఇంతసేపూ చెప్పాను. నేల కింద పరుచుకుని ఉన్న బ్యాటరీ కూడా ఎండను ఇష్టపడదు. లిథియం బ్యాటరీ మనకు హాయిగా ఉండే వేడిలోనే హాయిగా ఉంటుంది. నిండుగా చార్జింగు ఉండి, పైగా ఒళ్లు కాగుతూ రోజుల తరబడి నిలబడితే ముసలితనం త్వరగా వస్తుంది. అరిజోనాలో నిస్సాన్ లీఫ్ కారు కొన్నవాళ్లు రెండేళ్లు తిరక్కుండానే బ్యాటరీ సామర్థ్యం పడిపోయిందని 2012లో కోర్టుకెక్కారు. ఆ కారు బ్యాటరీని చల్లార్చడానికి ద్రవం లేదు. ఆ అనుభవం తర్వాత వేడి దేశాల కార్లలో బ్యాటరీ చుట్టూ చల్లటి ద్రవం తిరిగే ఏర్పాటు రివాజైంది. మన దగ్గర అమ్ముతున్న పెద్ద కార్లు చాలావాటిలో అది ఉంది.

అందుకే వరంగల్‌లో ఫాస్ట్ చార్జింగు చేసి, అడవి దారిలో వేగంగా వచ్చి, మైదానంలో ఆపి తాళం వేశాక కూడా కారు ముందుభాగంలో ఫ్యాను రొద వినిపిస్తుంటుంది. మొదటిసారి విన్నవాళ్లు భయపడి షోరూముకు ఫోన్ చేస్తారు. అది తన బ్యాటరీని తను చల్లార్చుకుంటోందంతే. దానికీ కాస్త కరెంటు ఖర్చవుతుంది. నీడలో ఆపితే ఆ ఖర్చూ తగ్గుతుంది. ఇంటి దగ్గర వేసవిలో రోజూ నూటికి నూరు నింపి ఎండలో నిలబెట్టే అలవాటుంటే మానుకోవాలి, ఎనభై దగ్గర ఆపి, నూరు కావాలనుకుంటే బయలుదేరే ముందు నింపుకోవాలి. మేడారం ప్రయాణానికి నిండుగా నింపుకోవడంలో తప్పు లేదు. వచ్చేసరికి సగం ఖాళీ అవుతుంది కదా.

పడిపోయిన చెట్లు, లేని పందిళ్లు

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలి వచ్చింది. రెండు వందల హెక్టార్ల మేర, దాదాపు యాభై వేల చెట్లు గంటల్లో నేలకూలాయి. మద్ది, మారేడు, ఇప్ప వేళ్లతో సహా లేచి పడ్డాయి. ఊళ్ల మీదికి రాకపోవడం ఆ తల్లుల దయేనని జనం అనుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ వార్తల మధ్య చెట్ల లెక్క మరుగున పడింది. అడవి మళ్లీ లేస్తుంది, దానికి తెలుసు లేవడం. కానీ పార్కింగు నీడ అడవిది కాదు, ఊరిది. దాని గురించి ఆలోచించాల్సింది మనుషులే.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్ల కప్పులు వేడెక్కకుండా తెల్లరంగు, పెంకులు వేయాలని. 2025 ఏప్రిల్‌లో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల పరిహారం పెట్టింది. ఇవి రెండూ మెచ్చుకోదగ్గవి. వాటి మధ్య ఒక సందు మిగిలింది. గుడి ముందు, ఆసుపత్రి ముందు, ఆర్టీసీ బస్టాండు ముందు ఎకరాలకు ఎకరాలు చదును చేసి, కంకర పరిచి వదిలేసే పార్కింగు స్థలాలు. ఎండాకాలం చలువ పందిళ్లు వేయడం మనకు కొత్తా? కల్యాణానికి వేస్తాం, చలివేంద్రానికి వేస్తాం. వాహనాలకు మాత్రం వేయం, వాటిలో ఎక్కబోయేది మనుషులే అయినా.

కేరళలో కొచ్చి విమానాశ్రయంవాళ్లు పార్కింగు మీద సౌర ఫలకాల పందిరి వేశారు. దాదాపు 1,400 కార్లకు నీడ, పైన 2.67 మెగావాట్ల కరెంటు. ఫ్రాన్సులో 2023 చట్టం 1,500 చదరపు మీటర్లు దాటిన పార్కింగు స్థలాల్లో కనీసం సగానికి సౌర పందిరి వేయాలంది. ఒక కారు నిలిచే జాగా పన్నెండు చదరపు మీటర్లనుకుంటే దాని మీద రెండు కిలోవాట్ల ఫలకాలు పడతాయి. రోజుకు ఎనిమిది యూనిట్లు, అంటే కింద నిలబడ్డ కారుకు యాభై కిలోమీటర్ల దారి. గద్దెల దగ్గర ఏడాది పొడవునా కార్లు ఆగే చోట యాభై కార్లకు ఇలాంటి పందిరి వేసి, కింద నెమ్మదిగా ఎక్కే చార్జర్లు నాలుగు పెడితే, దర్శనం చేసుకుని, వండుకుని తిని వచ్చేసరికి హనుమకొండ చేరే ధైర్యం బ్యాటరీలో ఉంటుంది. ఖర్చు పెద్దదే, పెట్టకూడనంత పెద్దది మాత్రం కాదు. అంతదాకా, మార్చి నుంచి జూన్ వరకు నర్సరీల మీద కప్పే గ్రీన్ నెట్ నాలుగు గుంజల మీద కట్టినా చాలు.

జాతర పార్కింగులన్నిటికీ ఇది కుదరదు. మహాజాతరకు కార్లు, బస్సులు నిలిచే వందల ఎకరాల్లో ఎక్కువ భాగం రైతుల పొలాలు. వరి కోసేశాక వాహనాలకు ఇస్తారు, వాన పడగానే మళ్లీ దున్నుకుంటారు. అక్కడ ఇనుప గుంజలు పాతితే ఎవరూ ఒప్పుకోరు, పాతకూడదు కూడా. గట్ల మీద చెట్లు పెడదామంటే నీడ పడ్డచోట వరి పలచనవుతుందని రైతు బాధ, అది నిజమే. మిగిలేది రోడ్ల అంచులు, వాగు గట్లు, పంచాయతీ జాగాలు. అక్కడ టేకు కాకుండా, మే నెలలో ఆకు నిలుపుకునే కానుగ, వేప, చింత పెట్టాలి. కొమ్మలు రోడ్డు మీదికి రాకుండా ఏటా కత్తిరించే మనిషి ఉండాలి. 2028 మహాజాతరకు ఇప్పుడు నాటిన కానుగ భుజం ఎత్తు దాటి ఉంటుంది, కారుకు నీడ ఇవ్వదు. 2032కు ఇస్తుంది. మొక్క చుట్టూ కంచె కట్టి, మొదటి రెండు వేసవులు నీళ్లు పోయడానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో ఐటీడీఏ, పంచాయతీ, దేవాదాయ శాఖ కూర్చుని తేల్చుకోవాల్సింది వచ్చే వానాకాలంలోపే.